‘లడ్కియా జ్యాదా హై’ అనే బహానా



పోయిన నెల విజయనగరంలో ఒక ఇంట్లో కూర్చున్నాను. రిష్తా మాటలు. ఆడపిల్ల తండ్రి దర్జీ. అమ్మాయి బీఎస్సీ, బీఈడీ, ఐదు పూటల నమాజీ, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది. వచ్చిన అబ్బాయి గల్ఫ్‌లో ఏసీ మెకానిక్. చాయ్ తెచ్చిన అమ్మాయి వెనక్కి వెళ్లిపోయాక అసలు సంగతి బయటికొచ్చింది. జోడే కీ రఖమ్ ఐదు లక్షలు, బండి, సోనా వేరే. తండ్రి తల దించుకుని "అంత గుంజాయిష్ లేదు జనాబ్" అన్నాడు. అప్పుడు అబ్బాయి తరఫున వచ్చిన ఒక బుజుర్గ్ చాలా నరమ్‌గా, సలహా చెప్తున్నట్టు అన్నారు: "మన జిల్లాల్లో లడ్కియా జ్యాదా హై భాయ్. సెన్సస్సే చెప్తోంది. లడ్కే తక్కువ. మరి రేటు ఉంటుంది కదా."

ఆ తండ్రి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక ఆ ఖామోషీ నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ పోస్టు. ఆ బుజుర్గ్‌కి ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు ఆలస్యంగా ఇక్కడ ఇస్తున్నాను. ఆయన ఒక్కరికే కాదు. శ్రీకాకుళం నుంచి బొబ్బిలి దాకా, సాలూరు నుంచి ఇచ్ఛాపురం దాకా ఈ మాట చెప్పి ఆడపిల్లల వాలిదైన్ మెడ వంచుతున్న అందరికీ.

ముందు ఆయన మాటలో ఉన్న సచ్ ఒప్పుకుంటాను. 2011 సెన్సస్ ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లు. విజయనగరంలో 1019. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద 993. అంటే మన రెండు జిల్లాల్లో ఆడవాళ్ల లెక్క ఎక్కువే. ఒక్కో జిల్లాలో సుమారు 20 వేల మంది ఎక్కువ. ఇది ఝూట్ కాదు.

కాని ఆ 1015లో ఎవరున్నారు? పెళ్లికూతుళ్లు మాత్రమే ఉన్నారా? మీ నానీ ఉంది. మా దాదీ ఉంది. భర్త పోయి ఇరవై ఏళ్లుగా తస్బీహ్ తిప్పుకుంటూ మూల గదిలో కూర్చున్న ప్రతి బేవా ఉంది. పుట్టేటప్పుడు ప్రపంచమంతటా మగపిల్లలే కాస్త ఎక్కువ పుడతారు, వంద మంది ఆడపిల్లలకి దాదాపు 105 మంది. ఆ తర్వాత మొత్తం మీద మగవాళ్లే ముందు పోతారు. ముసలితనం వచ్చేసరికి ఆడవాళ్లు ఎక్కువ మిగులుతారు. దాదీలను లెక్కలో వేసి పోతీకి రేటు కట్టడం ఏ హిసాబ్?

పిల్లల లెక్క చూడండి. ఆరేళ్లలోపు పిల్లల్లో, ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వెయ్యి మంది మగపిల్లలకి 961 మంది ఆడపిల్లలు ఉండేవాళ్లు. 2011కి 939కి దిగిపోయారు. మన రెండు జిల్లాలు కొంత నయమేగాని, ఇక్కడా చిన్నపిల్లల్లో ఆడపిల్లలు వెయ్యికి తక్కువే. 2011లో ఐదారేళ్ల పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకి వస్తున్నారు. ‘లడ్కియా జ్యాదా’ ఎక్కడ జనాబ్?

రెండో సంగతి. మన జిల్లాల్లో మగవాళ్లు ఎందుకు తక్కువ కనపడతారు? వలస. ఉద్దానం నుంచి, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి పనికి పోని ఊరు లేదు. విశాఖ, హైదరాబాద్, చెన్నై, సూరత్, గల్ఫ్. ఇక్కడి మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి, 2018 నవంబర్‌లో సముద్రంలో హద్దు దాటి పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత దాని మీద సినిమా కూడా వచ్చింది. ఇలా బయటికి పోయిన మగవాడు పోయిన చోట లెక్కకి వస్తాడు. దేశం దాటితే అసలు లెక్కకే రాడు. కాని నిఖాకి మాత్రం తప్పకుండా వస్తాడు! ఆ రోజు ఆ ఇంట్లో ఐదు లక్షలు అడిగింది ఎవరి కోసం? గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి కోసం. సెన్సస్‌లో లేడు కాబట్టి మగవాళ్లు తక్కువయ్యారు, మగవాళ్లు తక్కువ కాబట్టి ఆయనకి రేటు పెరిగింది. కనపడని అబ్బాయినే చూపించి, ఉన్న అబ్బాయిలు తక్కువ అంటున్నారు. ఇంత హుషారు సౌదా మండీలో కూడా చూడలేదు.

ఇప్పుడు ఇల్మ్ ఉన్నవాళ్ల వాదన చూద్దాం. ఆడ, మగ లెక్కల తేడా పెళ్లిళ్ల మీద, ఎవరికి ఎవరు నచ్చుతారన్న దాని మీద అసర్ చూపిస్తుందని 1983లోనే మార్షా గుటెన్‌టాగ్, పాల్ సెకార్డ్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక పెద్ద కితాబ్ రాశారు. ఎవరు తక్కువ ఉంటే వాళ్ల నఖ్రా చెల్లుతుంది. మగవాళ్లు తక్కువైతే వాళ్లు ఎంపికలో గట్టిగా ఉంటారు, బంధానికి తొందరపడరు. ఆడవాళ్లు తక్కువైతే మగవాళ్లు తొందరగా పెళ్లికి ఒప్పుకుంటారు, కుటుంబానికి కట్టుబడతారు. మన దేశం విషయానికొస్తే, విజయేంద్ర రావు అనే ఎకనామిస్టు 1993లో పెళ్లీడు అమ్మాయిలు పెరగడమే కట్నం పెరగడానికి వజహ్ అని వాదించాడు. 2000లో లీనా ఎడ్లుండ్ అనే ఇంకో ఎకనామిస్టు ఆ లెక్కలే మళ్లీ చూసి, ఆ మాట నిలబడదని రాసింది. అంటే పెద్ద పెద్ద ఆలిములే తేల్చుకోలేని విషయాన్ని మన బుజుర్గ్ చాయ్ తాగుతూ తేల్చేశారు.

అయినా ఆ వాదనలో ఒక ముక్క అర్థం చేసుకోవాల్సింది ఉంది. మనం అబ్బాయి కంటే ఐదారేళ్లు చిన్న అమ్మాయిని వెతుకుతాం. జనాభా పెరిగే కాలంలో దీనివల్ల ఏమవుతుంది? మిసాల్‌కి ఒక మొహల్లాలో ఒక ఏడాది 100 మంది పుట్టారు, ఐదేళ్ల తర్వాత ఏడాది 110 మంది పుట్టారు అనుకోండి. ఆడ మగ సగం సగం. పెద్ద బ్యాచ్ అబ్బాయిలు 50 మంది, చిన్న బ్యాచ్ అమ్మాయిలు 55 మంది. ఐదుగురు అమ్మాయిలు మిగిలిపోయినట్టు కనపడతారు. ఒక్క ఆడపిల్ల కూడా ఎక్కువ పుట్టకుండానే ‘లడ్కియా జ్యాదా’ అయిపోయింది. అది అల్లాహ్ చేసిన లెక్క కాదు. మన వయసు షర్తు చేసిన లెక్క.

ఇప్పుడు దాన్ని తిరగేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో తల్లికి సగటున పిల్లలు 1.7కి దిగిపోయారని 2019-21 ఫ్యామిలీ హెల్త్ సర్వే చెప్పింది. ప్రతి బ్యాచ్ ముందు బ్యాచ్ కంటే చిన్నది. పెద్ద బ్యాచ్ 100 అయితే చిన్న బ్యాచ్ 90. అబ్బాయిలు 50, అమ్మాయిలు 45. ఐదుగురు అబ్బాయిలు మిగులుతారు. అదే వయసు షర్తు, ఉల్టా నతీజా. ఈ రోజు రేటు చెప్తున్న అబ్బాయిల అమ్మీలు రేపు బహూ కోసం గుమ్మం గుమ్మం తిరగాల్సిన దినం దూరంలో లేదు.

అయితే ‘ఆగండి, ఆడపిల్లలు తక్కువైతే వాళ్ల ఇజ్జత్ తనంతట తనే పెరుగుతుంది’ అని మీరు ఖుష్ అవ్వకండి. అది కూడా ధోకానే.

2011లో కేరళలో వెయ్యికి 1084 మంది ఆడవాళ్లు. హర్యానాలో 879. ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర. 1084 దగ్గర కూడా జహేజ్ ఉంది. 879 దగ్గర కూడా జహేజ్ ఉంది. ఆడపిల్లలు తక్కువైన హర్యానాలో వాళ్ల ఇజ్జత్ పెరిగిందా? బెంగాల్ నుంచి, అస్సాం నుంచి, ఒడిశా నుంచి గరీబ్ ఇళ్ల ఆడపిల్లల్ని డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారు. మేవాత్‌లో అలా తెచ్చుకున్న ఆడవాళ్లని ‘పారో’ అంటారు. మేవాత్ అంటే ఎవరో గైరులు కాదు, కలిమా చదివే మన భాయీలే. డబ్బిచ్చి తెచ్చారు కాబట్టి ఇంట్లో ఆమె మాటకి విలువ లేదు. లెక్క తిరగబడింది, జుల్మ్ అలాగే ఉంది.

అంత దూరం ఎందుకు, మన విజయనగరమే చూడండి. 1892లో ఇక్కడ మొదటిసారి ఆడి, 1897లో అచ్చయిన గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం దేని గురించి? ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి పసిపిల్లని ముసలివాడు చేసుకోవడం గురించి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, విజయనగరం అందులోదే, మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన ఇలాంటి పెళ్లిళ్లని ఆనంద గజపతి మహారాజు లెక్క పట్టిస్తే 1034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లలోపు పసివాళ్లు కూడా ఉన్నారు. అప్పుడు ఆడపిల్లకి గిరాకీ ఎందుకు వచ్చింది? భార్య పోయిన మగవాడు మళ్లీ మళ్లీ పెళ్లికి బజారుకి వచ్చేవాడు. భర్త పోయిన ఆడది మాత్రం జిందగీ మొత్తం వితంతువుగా మూల కూర్చోవాలి. కొనేవాళ్లు పెరిగారు, పిల్లలు తగ్గారు, ధర పెరిగింది. ధర పెరిగితే ఆ పిల్లకి దక్కిందేమిటి? ఏమీ లేదు. డబ్బు తండ్రి జేబులోకి పోయింది, పిల్ల ముసలివాడి ఇంటికి పోయింది.

నూరేళ్లు తిరిగేసరికి అదే ఊళ్లో డబ్బు దిశ మారింది. ఇప్పుడు ఆడపిల్ల తండ్రి ఇస్తాడు, అబ్బాయి తండ్రి తీసుకుంటాడు. అప్పుడు కన్యాశుల్కం, ఇప్పుడు జోడే కీ రఖమ్. డబ్బు ఎటు పోవాలో మర్దుమ్‌షుమారీ, గిరాకీ తేల్చి ఉండొచ్చు. కాని రెండు సార్లూ ఒకటి మాత్రం మారలేదు. డబ్బు ఒక మగవాడి చేతి నుంచి ఇంకో మగవాడి చేతికి పోయింది. మధ్యలో ఆడపిల్ల చేతులు ఖాలీ.

ఈ రెంటినీ కాదని మూడో దారి చెప్పిన దీన్ మనది. సూరతున్నిసా నాలుగో ఆయత్‌లో హుకుం ఏమిటి? ఆడవాళ్ల మెహర్ ఖుష్‌దిలీతో వాళ్లకే ఇవ్వమని. తండ్రికి కాదు, మామకి కాదు. ఆమె చేతికి. ఆమె ఇష్టపడి ఏదైనా వదులుకుంటే వేరే సంగతి. ఆడవాళ్లు ఎక్కువైతే మెహర్ మాఫ్ అని గాని, అప్పుడు మీరే తీసుకోండి అని గాని ఎక్కడా లేదు. ఆడ మగ లెక్క ఎలా తిరిగినా మారని హక్ అది. మన దేశ ఖానూన్‌కి కూడా ఈ ఫర్ఖ్ తెలుసు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం అంటే ఏమిటో చెప్తూ, షరియత్ ప్రకారం ఇచ్చే మెహర్ అందులోకి రాదని రాసింది. పార్లమెంటుకి అర్థమైన ఫర్ఖ్ మన జమాత్ పెద్దలకి అర్థం కావట్లేదు. మనం మెహర్‌ని నిఖానామాలో ఒక గీతగా మిగిల్చి, జహేజ్‌ని నఖద్‌గా లెక్కపెట్టుకుంటున్నాం.

ఇంకో రకం సాహెబ్‌లు ఉన్నారు. ‘ఆడవాళ్లు ఎక్కువైతే ఇస్లాంలో ఇలాజ్ ఉంది కదా, నాలుగు నిఖాలు’ అని మీసం సవరించుకుంటారు. వాళ్లకి ఒక మాట. హిజ్రీ మూడో ఏట ఉహుద్‌లో సుమారు 70 మంది సహాబా షహీద్ అయ్యారు. చిన్న మదీనాలో అంత మంది మగవాళ్లు ఒక్క రోజులో పోతే ఇళ్ల నిండా బేవాలు, యతీములు. నిజంగా ఆడ మగ లెక్క తప్పిన వేళ అది. ఆ ఆయత్ మొదలయ్యేదే యతీముల ఇన్సాఫ్‌తో. ముగిసేది, అద్ల్ చేయలేమని ఖౌఫ్ ఉంటే ఒక్కరే అని. అక్కడ మగవాడి భుజం మీద బరువు పెట్టారు. మీరు దాన్ని ఎంపికల లిస్టు చేసుకున్నారు. నిజంగా బేవాల మీద అంత దర్ద్ ఉంటే, భార్య పోయిన మీ భాయ్‌కి పెళ్లి చూసేటప్పుడు పెళ్లికాని 22 ఏళ్ల అమ్మాయిని ఎందుకు వెతుకుతున్నారు? మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లం 25 ఏళ్ల వయసులో చేసుకున్న మొదటి నిఖా ఎవరితో? తనకంటే పెద్దావిడ, బేవా, తిజారత్ చేసుకునే హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హాతో. సున్నత్ అని గడ్డానికి గుర్తుంటుంది, ఈ సున్నత్ మాత్రం మరిచిపోతాం.

మరి మన రెండు జిల్లాల్లో అమ్మాయిలకి రిష్తాలు దొరకని మాట నిజమే కదా అంటారు. నిజమే. దాని అసల్ వజహ్ చెప్తాను.

మనం ఇక్కడ నూటికి ఒక్కరం కూడా లేము. శ్రీకాకుళంలో 1641లో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇంకా నిలబడి ఉంది, మనం మాత్రం ఇంత తక్కువ. ఇంత చిన్న ఖౌమ్‌కి ఇన్ని జల్లెడలు! సయ్యద్‌లు సయ్యద్‌లకే. పఠాన్‌లు షేక్‌లని చూడరు. దూదేకుల, నూర్‌బాషా అంటే అందరూ మొహం తిప్పుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు తెలుగు మాట్లాడేవాళ్లని ‘వాళ్లకి జబాన్ రాదు’ అంటారు. తర్వాత రంగు, ఎత్తు, వయసు, సొంత ఇల్లు. వందమంది పెళ్లీడు అబ్బాయిలు ఉన్నారనుకోండి. ఒక్కో జల్లెడ సగం మందిని ఆపేస్తే ఐదు జల్లెడలు దాటేసరికి ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురి గుమ్మం దగ్గర వంద ఇళ్లు క్యూ కడతాయి. ఇక రేటు పెరగక ఏమవుతుంది? కరువు ఆడపిల్లలు ఎక్కువై రాలేదు. మన జల్లెడ కన్నాలు సన్నమై వచ్చింది.

ఇందులో ఆడపిల్లల వాలిదైన్ ఖసూర్ లేదని అనను. మనమూ జల్లెడ పట్టేవాళ్లమే. వెల్డింగ్ షాపు పెట్టుకున్న దీన్‌దార్ అబ్బాయిని, పండ్ల బండి నడిపే కష్టజీవిని ‘స్టేటస్ లేదు’ అని తిప్పి పంపి, సాఫ్ట్‌వేర్, గవర్నమెంట్, గల్ఫ్ అనే మూడు మాటల దగ్గర నిలబడతాం. అమ్మాయిల్ని డిగ్రీలు చదివించాం, మాషా అల్లాహ్. అబ్బాయిల్ని టెన్త్ కాగానే గ్యారేజీలో పెట్టాం. ఇప్పుడు ఇద్దరికీ జోడీ కుదరట్లేదని తఖ్దీర్‌ని తిడుతున్నాం. నలుగురు చూసేది నాలుగు, మాల్, ఖాందాన్, హుస్న్, దీన్, వాటిలో దీన్‌ని పట్టుకోండి అని హదీస్ చెప్తుంటే మనం ఆ నాలుగోదాన్ని అన్నిటి తర్వాత పెట్టాం.

ఇంకొక జుల్మ్ కూడా దీని చాటున నడుస్తోంది. ‘నీకు జహేజ్ ఇచ్చేశాం కదా, ఇంక జమీన్‌లో హిస్సా ఏమిటి’ అని అన్నదమ్ములు బెహన్‌కి చెప్పే మాట. జహేజ్ పోయింది అత్తింటికి. హిస్సా మిగిలింది భాయీలకి. ఖురాన్ రాసిచ్చిన వారసత్వం హక్ ఆమెకి ఎటూ కాకుండా పోయింది. అంటే జహేజ్ అడిగేవాడే కాదు, కొన్ని ఇళ్లలో ఇచ్చేవాడూ నఫాలోనే ఉన్నాడు. నుక్సాన్ ఒక్కరికే.

నాకూ ఒక కొడుకు ఉన్నాడు. రెండేళ్లలో రిష్తాలు వస్తాయి. మా ఇంట్లో కూడా అప్పుడే గుసగుస మొదలైంది, ‘మనం అడగం, వాళ్లు ఖుషీగా ఇస్తే కాదనం’ అని. ఆ ‘ఖుషీగా’ అనే మాట వెనక ఒక దర్జీ ఎన్ని రాత్రులు మిషన్ తొక్కుతాడో ఆ రోజు ఆ ఇంట్లో చూశాను. అందుకే ఇక్కడ పదిమంది ముందు రాసేస్తున్నాను. మా వైపు నుంచి అడగం, వాళ్లు ఇచ్చినా తీసుకోం. మెహర్ నిఖా రోజే నఖద్‌గా అమ్మాయి చేతికి. రేపు నేను మాట తప్పితే ఈ పోస్టు నా మొహాన పెట్టండి.

జమాత్ పెద్దలకి, ఖాజీ సాహెబ్‌లకి మూడే అర్జీలు. ఒకటి, ప్రతి మసీదులో పెళ్లీడు పిల్లల జాబితా పెట్టండి, బేవాలు, తలాక్ అయినవాళ్ల పేర్లు కూడా అందులోనే, బిరాదరీ గడి లేకుండా. శ్రీకాకుళం వాళ్లది విజయనగరానికి, విజయనగరం వాళ్లది పార్వతీపురానికి తెలియాలి. రెండు, నిఖా చదివే ముందు మెహర్ ఇచ్చారా, బాకీయా అని అందరి ముందు అడగండి. మూడు, జోడే కీ రఖమ్ తీసుకున్న నిఖాకి మసీదు కమిటీ వెళ్లకండి. బిర్యానీ ఒక పూట మానేస్తే ఎవరూ చచ్చిపోరు.

ఆ దర్జీ ఇంటి అమ్మాయి సంగతి అడుగుతారేమో. ఆ రిష్తా తప్పిపోయింది. మర్నాడు ఆ అమ్మాయి ఎప్పటిలాగే స్కూలుకి వెళ్లి పిల్లలకి లెక్కలు చెప్పింది. ఆ బుజుర్గ్ చెప్పిన లెక్క తప్పని ఆమెకి ఆ రోజే తెలుసు. ఆమె చెప్పాల్సిన పని కాదది. అక్కడ కూర్చున్న మగవాళ్లం చెప్పాల్సింది. చెప్పలేదు. అల్లాహ్ మాఫ్ చేయాలి. ఈసారి మీ ముందు ఎవరైనా ‘లడ్కియా జ్యాదా హై’ అంటే మాత్రం చాయ్ కప్పు కింద పెట్టి, లెక్క అడగండి.